కరెంటు ముందా, యాంటీబాడీ ముందా?

2022 జూన్ మొదటి వారంలో ఒక వార్త పత్రికల్లో వచ్చి, అక్కణ్నుంచి వాట్సాప్ ఎక్కింది. అమెరికాలో క్యాన్సర్‌కు మందు దొరికిందట, తీసుకున్న 12 మందికీ నయమైపోయిందట అని. వార్త అబద్ధం కాదు గానీ, సగమే నిజం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో (మన నోరి దత్తాత్రేయుడు రేడియేషన్ వైద్యంలో పేరు తెచ్చుకున్న చోటు అదే) ఆండ్రియా సెర్సెక్, లూయిస్ డియాజ్‌ల బృందం మలాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లకు డోస్టార్లిమాబ్ అనే యాంటీబాడీని మూడు వారాలకోసారి, ఆరు నెలల పాటు ఎక్కించింది. ఆ తర్వాత చూస్తే 12 మందిలో ఒక్కరికీ గడ్డ ఎమ్మారైలో లేదు, ఎండోస్కోపీలో లేదు, డాక్టర్ వేలికీ తగల్లేదు.

వాట్సాప్ వదిలేసిన సగంలో రెండు సంగతులున్నాయి. ఆ 12 మందిదీ ఒక ప్రత్యేక రకం క్యాన్సర్. నూరు మలాశయ క్యాన్సర్లలో అలాంటివి ఐదు నుంచి పది దాకా ఉంటాయి, అంతే. రెండో సంగతి ఇంకా ఆసక్తికరం. మందు అయిపోయాక రేడియేషన్, ఆపైన ఆపరేషన్ చెయ్యాలన్నది అసలు ప్రణాళిక. రెండూ అవసరం పడలేదు. రేడియేషన్‌కు తోడుగా యాంటీబాడీని ఎలా వాడాలా అని అంతకు ముందు రెండు దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్న డాక్టర్లకు అది సంతోషమే అయినా వెంటనే మింగుడుపడని సంతోషం.

మరి మిగతా 90 మందో? వాళ్లకు ఆ యాంటీబాడీ ఒక్కటే ఇస్తే గడ్డ కదలదు. రేడియేషన్‌నూ యాంటీబాడీనీ జత కలపడమన్న కథ ముఖ్యంగా వాళ్లదే.

ముందు ఒక చిన్న సందేహం తీర్చుకోవాలి. పెద్దపేగు క్యాన్సర్ అని అందరూ కలిపి అంటారు గానీ, రేడియేషన్ మాత్రం చాలావరకు దాని చివరి 12-15 సెంటీమీటర్లకే, అంటే మలాశయానికే పెడతారు. పైనున్న పేగు ఒకచోట నిలవదు. ఊపిరి పీల్చినా కదులుతుంది, గ్యాస్ నిండినా జరుగుతుంది. పక్కనే రేడియేషన్ తట్టుకోలేని చిన్నపేగు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. మలాశయం అలా కాదు. కటి ఎముకల మధ్య కదలకుండా కూర్చుని ఉంటుంది, గురి తప్పదు. సర్జన్‌కు ఇబ్బంది కూడా అక్కడే. ముందు మూత్రాశయం, గర్భసంచి లేదా ప్రోస్టేట్, వెనక వెన్నెముక చివరి ఎముక. ఆ ఇరుకులో నాలుగు కణాలు మిగిలిపోయినా గడ్డ మళ్లీ అక్కడే మొలుస్తుంది.

మన దగ్గర ఈ జబ్బు దొరికేదే ఆలస్యంగా. మలంలో రక్తం పడగానే మొలలే అనుకుని, రోడ్డు పక్క గోడల మీద రాసిన ఫోన్ నంబర్లకు తిరిగి, ఆర్నెల్లు గడిచాక గానీ పెద్దాసుపత్రికి రానివాళ్లు తక్కువేం కాదు. వచ్చేసరికి గడ్డ పేగు గోడ దాటి ఉంటుంది. అప్పుడు డాక్టర్ చెప్పేది సాధారణంగా ఇదే: ముందు కరెంటు పెడదాం, తర్వాత ఆపరేషన్.

కరెంటు పెట్టడం అంటే రేడియేషన్ ఇవ్వడమే. అప్పుడు ఏం జరుగుతుంది? మొదట ఒక సీటీ తీసి, ఎక్కడ ఎంత పడాలో కంప్యూటర్ మీద గీస్తారు. నడుము చుట్టూ చెరిగిపోని చిన్న చుక్కలు పెడతారు. రోజూ ఆ చుక్కలను లేజర్ గీతలకు సరిపెట్టి పడుకోబెడతారు. మూత్రాశయం నిండితే చిన్నపేగు పైకి తప్పుకుంటుంది కాబట్టి, లోపలికి పిలిచేముందు లెక్క ప్రకారం నీళ్లు తాగిస్తారు. మందమైన తలుపు మూసుకుంటుంది, యంత్రం చుట్టూ తిరుగుతుంది, పావుగంటలో అయిపోతుంది. నొప్పి ఉండదు, వేడి కూడా తెలియదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఇలా 25 నుంచి 28 సార్లు. ఆ రోజుల్లో పొద్దున, సాయంత్రం కేపసిటాబిన్ అనే కీమో మాత్రలు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఐదారు వారాలు ఆసుపత్రి దగ్గర గది తీసుకుని ఉండాల్సిందే. రేడియేషన్ కంటే ఆ ఖర్చే కొందరిని కుంగదీస్తుంది.

ఇంత చేసినందుకు ఫలితం ఉంది. స్వీడన్ వైద్యులు 1997లో ఫలితాలు ప్రకటించిన ప్రయోగంలో ఐదు రోజుల్లో మొత్తం 25 గ్రేల రేడియేషన్ పెట్టి, వెంటనే ఆపరేషన్ చేశారు. గడ్డ ఉన్నచోటే తిరగబెట్టడం 27 శాతం నుంచి 11 శాతానికి పడిపోయింది. 2004లో జర్మనీ బృందం ఆపరేషన్ తర్వాత కన్నా ముందే రేడియేషన్, కీమో ఇవ్వడం మేలని తేల్చింది. గడ్డ ఉన్నచోటే తిరగబెట్టినవి తర్వాత ఇస్తే 13 శాతం, ముందు ఇస్తే 6 శాతం. అయితే ముందుగా ఇచ్చినవాళ్లలో ఆపరేషన్ నాటికి గడ్డ ఆనవాలు లేకుండా పూర్తిగా కరిగిపోయింది 8 శాతం మందికే. ఈ అంకెను గుర్తు పెట్టుకోవాలి. తర్వాత వచ్చిన ప్రతి యాంటీబాడీనీ కొలిచింది ఇలాంటి అంకెతోనే.

ఎందుకంటే పూర్తిగా కరిగితే ఆపరేషన్ తప్పే అవకాశం ఉంది. మలద్వారానికి దగ్గరగా ఉన్న గడ్డను తీసేస్తే జీవితాంతం పొట్టకు సంచి తగిలించుకోవాల్సి రావచ్చు. సంచి తప్పినా, రోజుకు పదిసార్లు దొడ్డికి పరుగెత్తే బాధ చాలామందికి మిగులుతుంది. రేడియేషన్ వల్ల కూడా నష్టాలున్నాయి. పెళ్లి కాని అమ్మాయికి పెడితే అండాశయాలు దెబ్బతిని నెలసరే ఆగిపోవచ్చు. పడక సంసారం దెబ్బతినడం గురించి మగవాళ్లు డాక్టర్‌ను అడగరు, డాక్టరూ చెప్పడు. చెప్పాలి.

ఇక యాంటీబాడీల సంగతి. 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఒకే లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీలను ప్రయోగశాలలో కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో నోబెల్ వచ్చింది. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2004 ఫిబ్రవరిలో, పెద్దపేగు క్యాన్సర్‌కు రెండు యాంటీబాడీలు ఒకే నెలలో అమెరికా అనుమతి పొందాయి. ఒకటి సెటుక్సిమాబ్, రెండోది బెవాసిజుమాబ్. రెండింటినీ రేడియేషన్‌తో కలిపి చూశారు. రెండూ వేర్వేరు రకాలుగా నిరాశపరిచాయి.

సెటుక్సిమాబ్ మీద ఆశకు బలమైన కారణమే ఉంది. క్యాన్సర్ కణం పైన ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం ఉంటుంది. ‘పెరుగు, చీలు’ అన్న సంకేతం దాని ద్వారానే లోపలికి వెళుతుంది. జాన్ మెండెల్‌సన్ బృందం 1980ల మొదట్లో దాన్ని మూసేసే యాంటీబాడీని ఎలుకల్లో తయారుచేసింది. ఆ గ్రాహకం మూతపడితే రేడియేషన్ చేసిన గాయాన్ని కణం సరిగా మాన్పుకోలేదు. 2006లో జేమ్స్ బానర్ బృందం తల, మెడ క్యాన్సర్లున్న 424 మందిలో దీన్ని నిరూపించింది కూడా. రేడియేషన్ ఒక్కటే పెట్టినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 29 నెలలైతే, సెటుక్సిమాబ్ కలిపినవాళ్లది 49 నెలలు. గొంతులో పనిచేసింది మలాశయంలో ఎందుకు చెయ్యదు?

చెయ్యలేదు. రేడియేషన్, కేపసిటాబిన్‌లకు సెటుక్సిమాబ్ కలిపిన తొలి యూరప్ అధ్యయనాల్లో గడ్డ పూర్తిగా కరిగింది 5 నుంచి 9 శాతం మందికే. పాత లెక్కే, లేదా అంతకన్నా తక్కువ. కారణం వెతికితే ఒక చిత్రమైన సంగతి బయటపడింది. కీమో మందు పట్టేది చీలుతున్న కణాన్ని. రేడియేషన్ దెబ్బ కూడా ఆ దశలోనే గట్టిగా తగులుతుంది. సెటుక్సిమాబ్ మాత్రం కణాన్ని చీలకుండా ఆపేస్తుంది. సాయానికి తెచ్చిన మందు శత్రువును దాచిపెట్టిందన్నమాట. అన్ని ప్రయోగాలనూ ఇదొక్కటే వివరించదు గానీ, నమ్మదగ్గ వివరణ ఇదే. ఆపైన 2008లో ఇంకొకటి తేలింది. కేరాస్ అనే జన్యువులో మార్పున్న గడ్డలకు ఈ మందు అసలు పనిచెయ్యదు. పెద్దపేగు గడ్డల్లో దాదాపు 40 శాతం అలాంటివే. గొంతులో ఆ మార్పు అరుదు.

సెటుక్సిమాబ్ గురించి చెబుతూ దాని ఎలర్జీ కథ వదిలేస్తే ఎలా? అమెరికాలో టెన్నెసీ, నార్త్ కరోలినా ప్రాంతాల్లో మొదటి డ్రిప్ ఎక్కిస్తుండగానే రోగుల బీపీ పడిపోయేది, ఊపిరాడేది కాదు. వేరేచోట్ల అంతగా లేదు. కారణం 2008 నుంచి ఒక్కొక్కటిగా బయటపడింది. ఆ అడవుల్లో కరిచే ఒక రకం గోమారి ఆల్ఫా-గాల్ అనే చక్కెరకు మనిషి శరీరాన్ని పడకుండా చేస్తుంది. ఎలుక కణాల్లో తయారైన సెటుక్సిమాబ్ మీద ఉండేదీ అదే చక్కెర. పశువుల మాంసంలోనూ ఉంటుంది. మాంసం తింటే ఒళ్లంతా దద్దుర్లొచ్చే ఆ జనం తమ జబ్బేమిటో క్యాన్సర్ మందు పుణ్యాన తెలుసుకున్నారు.

బెవాసిజుమాబ్ దారి వేరు. గడ్డ పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలి. వాటిని మొలిపించే సంకేతాన్ని ఈ యాంటీబాడీ పట్టేస్తుంది. రక్తం ఆపితే గడ్డ ఎండిపోతుందన్నది 1971లో జూడా ఫోక్‌మన్ చెప్పిన సిద్ధాంతం. కానీ రేడియేషన్‌తో కలిపేటప్పుడు ఇక్కడో చిక్కుంది. రేడియేషన్‌కు ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ అందని కణాన్ని చంపాలంటే దాదాపు మూడింతల మోతాదు పట్టవచ్చు. ఏ శాస్త్రవేత్త పేరు మీద రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తున్నారో ఆ లూయిస్ హెరాల్డ్ గ్రే 1953లో ఈ సంగతి మీదే పరిశోధన పత్రం వెలువరించాడు. మరి రక్తనాళాలు తగ్గిస్తే ఆక్సిజన్ కూడా తగ్గాలి కదా?

దీనికి జవాబిచ్చింది ఐఐటీ కాన్పూర్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివి హార్వర్డ్ చేరిన రాకేశ్ జైన్. గడ్డలో మొలిచే నాళాలు వంకర టింకరగా, చిల్లులు పడి ఉంటాయి. అడుగడుక్కీ గండ్లు పడ్డ కాలువకు నీళ్లు ఎంత వదిలినా చివరి ఆయకట్టుకు చేరవు. బెవాసిజుమాబ్ మొదటి రోజుల్లో చేసే పని కాలువ మూసేయడం కాదు, ముందు గండ్లు పూడ్చడం. ఆ కొద్ది రోజుల్లో ఆక్సిజన్ లోపలి కణాల దాకా పారుతుంది. సరిగ్గా అప్పుడు రేడియేషన్ పెట్టాలి. 2004లో జైన్, క్రిస్టఫర్ విలెట్ కలిసి మలాశయ క్యాన్సర్ ఉన్న ఆరుగురిలో ఒక్క డోసు ఇచ్చి, 12 రోజులకు కొలిచి చూశారు. నాళాల సంఖ్య తగ్గింది, గడ్డ లోపలి ఒత్తిడీ తగ్గింది. కాగితం మీద అంతా అందంగా కుదిరింది. ఆపరేషన్ బల్ల మీద కుదరలేదు. పుండు మానాలన్నా కొత్త నాళాలే మొలవాలి కదా! కుట్లు విడిపోవడం, పేగు అతుకు లీకవడం లాంటి సమస్యలు ఎదురై, బెవాసిజుమాబ్‌కు మలాశయ రేడియేషన్‌లో స్థిరమైన చోటు దక్కలేదు. ఈ మందు ఆపాక కనీసం 28 రోజులు గడిచేదాకా సర్జన్ కత్తి పట్టకూడదని నేటికీ నియమం.

మూడో తరం యాంటీబాడీలు గడ్డను అసలు పట్టించుకోవు. అవి పట్టేది మన సొంత రోగనిరోధక కణాలను. టీ-కణం మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. గడ్డ దాన్ని నొక్కి పట్టుకుని బతికేస్తుంది. యాంటీబాడీ ఆ బ్రేకును వదిలిస్తుంది. ఈ దారి చూపిన జేమ్స్ ఎలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. అయితే బ్రేకు తీసినంత మాత్రాన టీ-కణం కదలదు. ఎదుట ఉన్నది పరాయిదని దానికి తెలియాలి. డీఎన్ఏ అచ్చుతప్పులు దిద్దుకునే వ్యవస్థ పాడైన గడ్డల్లో వేల మార్పులుంటాయి, టీ-కణాలు ఇట్టే గుర్తుపడతాయి. స్లోన్ కెటరింగ్ 12 మందివీ అవే. 2025 నాటికి ఆ సంఖ్య 49 అయింది, 49 మందికీ గడ్డ కరిగింది. మిగతా గడ్డలు మాత్రం టీ-కణాల కంట పడకుండా నక్కి ఉంటాయి.

నక్కినదాన్ని బయటికి లాగడానికే ఇప్పుడు రేడియేషన్. పనికొచ్చే జత కుదిరింది ఇక్కడే. రేడియేషన్ దెబ్బకు విరిగిన డీఎన్ఏ ముక్కలు కణంలో ఉండకూడని చోటికి చేరతాయి. లోపల వైరస్ పడినప్పుడు మోగే హెచ్చరిక వ్యవస్థే అప్పుడూ మోగుతుంది, ఇంటర్ఫెరాన్లు వెలువడతాయి. చస్తున్న కణాల ముక్కలను కాపలా కణాలు తీసుకెళ్లి లింఫ్ గ్రంథుల్లో టీ-కణాలకు చూపిస్తాయి. అలా ఒకచోట రేడియేషన్ పెడితే వేరేచోట గడ్డ కూడా తగ్గవచ్చన్న ఊహకు 1953లోనే ఆర్.హెచ్.మోల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక పేరు పెట్టాడు. అరవై ఏళ్ల దాకా అది అడపాదడపా కనిపించే వింతగానే ఉండిపోయింది. బోస్టన్‌లో అపర్ణా పరీఖ్ బృందం పేగు క్యాన్సర్ శరీరమంతా పాకిన, అచ్చుతప్పులు తక్కువున్న 40 మందికి ఒక గడ్డకు రేడియేషన్, తోడుగా రెండు యాంటీబాడీలు ఇచ్చి చూసింది. రేడియేషన్ తగలని గడ్డలు కూడా కుంచించుకుపోయింది నలుగురిలో. పదిలో ఒకరన్నమాట. ఎక్కువేం కాదు, కానీ రేడియేషన్ లేకుండా ఇలాంటి గడ్డల్లో అంతకు ముందు కనిపించింది దాదాపు సున్న.

జబ్బు పాకకముందే, మలాశయంలోనే ఉండగా ఈ జత కలిపితే అంకెలు మారిపోయాయి. జపాన్‌లో మామూలు కీమో-రేడియేషన్ అయ్యాక, ఆపరేషన్‌కు ముందు, పీడీ-1 బ్రేకును వదిలించే నివోలుమాబ్ ఐదు డోసులిచ్చారు. సాధారణ రకం గడ్డలున్న 37 మందిలో 11 మందికి గడ్డ ఆనవాలు లేకుండా పోయింది. బీరూట్‌లో అలీ షంసెద్దీన్ బృందం ఐదు రోజుల రేడియేషన్ తర్వాత కీమోకు అవెలుమాబ్ కలిపితే అది 37.5 శాతానికి చేరింది. చైనాలో వుహాన్ యూనియన్ ఆసుపత్రి ముందుండి నడిపిన యూనియన్ ట్రయల్ మూడో దశలో 231 మందిని రెండు గుంపులుగా చేసి పోల్చింది. ఐదు రోజుల రేడియేషన్, ఆపైన కీమోతో పాటు కామ్రెలిజుమాబ్ తీసుకున్నవాళ్లలో 39.8 శాతం మందికి గడ్డ పూర్తిగా కరిగింది. పాత పద్ధతిలో దీర్ఘకాల రేడియేషన్, కీమో తీసుకున్నవాళ్లలో 15.3 శాతం.

అంతా బాగుంటే అమెరికాలో ఎందుకు కుదరలేదు? అక్కడి ఎన్ఆర్జీ ట్రయల్‌లో ఐదారు వారాల రేడియేషన్ నడుస్తుండగానే పెంబ్రోలిజుమాబ్ మొదలుపెట్టారు. పూర్తిగా కరిగినవి మందుతో 31.9 శాతం, మందు లేకుండా 29.4 శాతం. తేడా లేనట్టే. ఒకదానితో ఒకటి నేరుగా పోల్చని ప్రయోగాలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సబబు కాదు. కానీ చాలామంది అనుమానం ఒకచోటే ఆగుతోంది. టీ-కణాలు రేడియేషన్‌కు చాలా సున్నితం. నెలకు పైగా రోజూ కటి భాగానికి రేడియేషన్ పడితే, అక్కడి ఎముక మజ్జ, లింఫ్ గ్రంథులు, ఆ దారిన పారే రక్తంలోని టీ-కణాలు రోజూ దెబ్బతింటాయి. గడ్డను గుర్తుపట్టడం నేర్చుకున్న కణాలు మర్నాటికి ఉండవు. ఐదు రోజుల్లో ముగిస్తే అవి కోలుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, యాంటీబాడీ ఆ తర్వాత వస్తుంది. మోతాదు మీద కూడా ఇలాంటి మెలికే ఉంది. న్యూయార్క్‌లో సిల్వియా డెమారియా బృందం ఎలుకల్లో చూసినదాన్ని బట్టి, ఒక్కసారే మరీ ఎక్కువ పెడితే విరిగిన డీఎన్ఏ ముక్కలను నమిలేసే ఎంజైమ్ పుట్టుకొచ్చి, హెచ్చరికే మోగదు.

రేడియేషన్‌ను యాంటీబాడీకే తగిలించి రక్తంలోకి పంపే ఇంకో పద్ధతీ ఉంది. జర్మనీలోని గోటింగెన్‌లో రేడియోధార్మిక అయోడిన్ మోసే యాంటీబాడీని, కాలేయానికి పాకిన గడ్డలు కోసి తీసేసినవాళ్లకు ఇచ్చారు. యాంటీబాడీ రోజుల తరబడి రక్తంలో తిరుగుతుంది కాబట్టి ఎముక మజ్జ కూడా కాలుతుంది. పెద్ద గడ్డల మీద ఇది ఇంతవరకు పెద్దగా నెగ్గలేదు.

మన దేశంలో ఏటా దాదాపు 70 వేల మందికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు కొత్తగా వస్తున్నాయి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే జనాభా లెక్కన ఇది తక్కువ. అయితే మన దగ్గర చిన్న వయసువాళ్లు, మలాశయంలో గడ్డ ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. కాబట్టి ఈ పరిశోధనలన్నీ మనకు దూరపు సంగతులు కావు. మందులు కూడా పూర్తిగా పరాయివి కావు. హైదరాబాద్ హెటెరో 2016లోనే బెవాసిజుమాబ్‌కు తన సొంత రూపం విడుదల చేసింది. చైనాలో షాంఘై వైద్యులు మలాశయ రేడియేషన్‌తో కలిపి వాడిన టోరిపాలిమాబ్‌ను డాక్టర్ రెడ్డీస్ 2024లో ఇక్కడికి తెచ్చింది. తెచ్చింది ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్‌కు, మలాశయానికి కాదు. పూర్తి మోతాదులో ఇలాంటి మందులు వాడితే బిల్లు లక్షల్లోకి పోతుంది. ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు ఆ బిల్లుకు భయపడి ఒక ప్రయోగం చేశారు. తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిని తీసుకుని, సగం మందికి మామూలు చవక మాత్రలకు తోడు నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములే, మూడు వారాలకోసారి ఇచ్చారు. పూర్తి మోతాదు రెండు వారాలకోసారి 240. ఏడాది బతికినవాళ్లు 16.3 శాతం నుంచి 43.4కు పెరిగారు. మలాశయ క్యాన్సర్‌లో కూడా ఇలాంటి ప్రయోగం మన దేశం చేయాలి.

ఈలోగా ఏ జిల్లా నుంచి వచ్చిన రోగికైనా అందుబాటులో ఉన్నది ఒక పరీక్ష. మొదట తీసిన ముక్క మీదే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రొటీన్లు ఉన్నాయో లేవో రంగు వేసి చూస్తారు. ఏదైనా లేకపోతే, అది స్లోన్ కెటరింగ్ రకం గడ్డ. కరెంటు పెట్టకముందే యాంటీబాడీ గురించి మాట్లాడాలి. ఇంట్లో వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ ఉందేమో కూడా చూడాలి. రేడియేషన్ అయ్యాక చూద్దాంలే అంటే కుదరదు. గడ్డ కరిగిపోతే పరీక్షకు ముక్కే మిగలదు. మిగిలినా చికిత్స తర్వాత ఎంఎస్‌హెచ్6 రంగు మసకబారి తప్పుదారి పట్టించవచ్చు. ఇక యాంటీబాడీ ఇచ్చినప్పుడు జుట్టు ఊడదు, వాంతులు తక్కువ. అందుకని తేలిగ్గా తీసుకోకూడదు. బ్రేకు తీసిన టీ-కణాలు థైరాయిడ్ మీద, ఊపిరితిత్తుల మీద, పేగు మీద కూడా పడగలవు. నెలలు గడిచాక విరేచనాలు పట్టుకుంటే వీధి చివర ఆర్ఎంపీ దగ్గర మాత్ర తెచ్చుకోకుండా క్యాన్సర్ డాక్టర్‌కు ఫోన్ చెయ్యాలి.

గడ్డ కరిగిందని ఆపరేషన్ మానేసినవాళ్ల కోసం బ్రెజిల్‌లోని సావో పాలో సర్జన్ ఏంజెలిటా హబ్ర్-గామా ఒక పద్ధతి నిలబెట్టారు. కోయకుండా, కాచుకుని చూడటం. 2004లో ఆమె లెక్కలు బయటపెట్టినప్పుడు తోటి సర్జన్లు చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత వివిధ దేశాల్లో ఇలా వదిలేసిన 880 మంది వివరాలు ఒకచోట చేర్చి చూశారు. రెండేళ్లలో నలుగురిలో ఒకరికి గడ్డ తిరిగొచ్చింది. తిరిగొచ్చినవాటిలో 97 శాతం పేగు గోడలోనే, అంటే వేలికీ కెమెరాకూ అందే చోటే. కాబట్టి మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి వచ్చి వేలితో పరీక్ష, ఎండోస్కోపీ, ఎమ్మారై చేయించుకునేవాళ్లకే డాక్టర్లు ఈ దారి చూపిస్తారు. పొలం పనులని, బస్సు చార్జీలని ఒక విడత ఎగ్గొట్టేవాళ్లకు ఆపరేషనే చేయించుకోమంటారు.